రెండో కుట్టు

పోయిన వారం నెల్లూరులో ఒక పెళ్ళికి పోయాను. భోజనాల బల్ల దగ్గర కూర్చుని, పక్కనే వేలాడుతున్న షామియానా గుడ్డ అంచును రెండు బొటనవేళ్ళ మధ్య పట్టుకుని అటూ ఇటూ లాగి చూశాను. కుట్టు పళ్ళికిలించింది. ఒక్క వరసే వేశాడు మహానుభావుడు, అనుకుంటూ తలెత్తేసరికి ఎదురుగా ఉన్నావిడ నన్ను వింతగా చూస్తోంది. ముందు విస్తరి పెట్టుకుని షామియానా లాగి చూసే ఆడమనిషిని ఆవిడ ఎప్పుడూ చూసి ఉండదు. సిగ్గేసి చెయ్యి తీసేశాను. ఇది మామ నాకు అంటించిన జబ్బు.

ఆ సాయంత్రం ఇంటికి రాగానే మామకు ఫోన్ చేశాను. మాట్లాడి రెండేళ్ళయింది. అత్త ఎత్తింది. మామ పోయి నలభై రోజులు దాటిందని చెప్పింది. మధ్యాహ్నం అన్నం తిని పడుకున్న మనిషి మళ్ళీ లేవలేదట. ఇద్దరం కాసేపు ఏడ్చాం. ఆ ఫోన్‌లోనే ఇంకో మాట కూడా నడిచింది. అది మీకు తెలియాలంటే ముందు మామ ఎలాంటి మనిషో చెప్పాలి, ఆ తర్వాత నేను ఎలాంటిదాన్నో చెప్పాలి. మొదటిది చెప్పడం సులువు.

మామ మాకు చుట్టం కాదు. రాయచోటి దగ్గరి పల్లె ఆయనది. దుబాయ్‌లో నైఫ్ అనే పాత పేట సందుల్లో గుడారాలు కుట్టే దుకాణంలో దర్జీ. నేను 2002లో పాపను చంకనేసుకుని మా ఆయన దగ్గరికి వెళ్ళినప్పుడు, ఒక పాత బిల్డింగులో మూడు కుటుంబాలు పంచుకున్న ఫ్లాటులో మాకు ఒక గది. మామా అత్తా ఎదురు ఫ్లాటులో ఇంకో గది. పిల్లలు లేరు వాళ్ళకి. బిల్డింగులోని తెలుగువాళ్ళందరికీ ఆయన మామే, ఆమె అత్తే.

మామ ఎవరినీ బాగున్నావా అని అడిగేవాడు కాదు. దగ్గరికి వచ్చి చొక్కా భుజం దగ్గరి కుట్టును రెండు బొటనవేళ్ళతో లాగి చూసేవాడు. అదే ఆయన నమస్కారం. కుట్టు గట్టిగా ఉంటే "ఆఁ, పరవాల్యా" అనేవాడు. వదులుగా ఉంటే "ఇప్పి ఇట్టియ్యి" అనేవాడు. మా గది కర్టెన్లు, ఆస్పత్రిలో కుర్చీ గలేబులు, ట్యాక్సీ సీట్లు, ఆయన వేళ్ళు తగలని కుట్టు నైఫ్‌లో లేదు. ఒకసారి వాళ్ళ దుకాణం ముదీర్, అంటే మేనేజరు, వేసుకున్న తెల్లటి పొడుగు అంగీ కందూరా భుజం కూడా లాగి చూశాడట. ఆ అరబ్బు కోప్పడకుండా మరుసటి రోజు ఇంకో నాలుగు కందూరాలు తెచ్చి ముందు పడేశాడని అత్త నవ్వుతూ చెప్పేది.

కుట్టు గురించి ఆయనకు ఒకటే మాట ఉండేది. "గాలికొక కుట్టు, మనకొక కుట్టు." గుడారానికి ఎప్పుడూ రెండు వరసలు వెయ్యాలట. మొదటి వరస గాలి తీసుకుపోతుంది, రెండోది మనకు మిగులుతుంది. ఈ మాట రోజుకు పదిసార్లు అనేవాడు. వినీ వినీ పిల్లలు కూడా అనేవాళ్ళు.

ఈద్ సెలవులొస్తే మా నాలుగైదు కుటుంబాలను కొండల అవతల ఉన్న కల్బా సముద్రం ఒడ్డుకు తీసుకుపోయేది ఆయనే. దుకాణంలో మిగిలిపోయిన గుడ్డలు ముదీర్‌ని అడిగి తెచ్చి, సెలవు రోజుల్లో మిషన్ మీద కూర్చుని ఇంటికొక గుడారం కుట్టాడు. ఒకరిది ఎర్ర చారలు, ఒకరిది పచ్చ పూలు. మాది ఆవపిండి రంగు మీద గోధుమ రంగు ఆకులు, చూడ్డానికి ముసలమ్మ దుప్పటిలా ఉండేది. మామ మొదటిసారి పిలిచినప్పుడు నేను మా ఆయనతో గొణిగాను, "ఇల్లు లేనోళ్ళు గదా గుడారం వేసుకునేది. ఇల్లు పెట్టుకోని మనకేందీ ఖర్మ?" అని. తీరా వేశాక చూస్తే ఆ గుడారం నైఫ్‌లో మా గది కంటే పెద్దది.

మొదటి ఏడు నేను చేసిన ఘనకార్యం అందరికీ గుర్తే. మూడు రోజులు టిఫిన్లకు ఇబ్బంది ఎందుకని పెద్ద డబ్బా నిండా ఇడ్లీ పిండి రుబ్బి, మూత బిగించి వ్యానులో పెట్టాను. వ్యాను కొండలు ఎక్కుతుంటే లోపల ఎండకు పిండి పొంగింది. దిగే మలుపులో మూత ఎగిరింది. తెచ్చుకున్న దుప్పట్లన్నీ పిండిలో నానాయి. వ్యాను నడిపే జగిత్యాల అన్న వెనక్కి తిరిగి చూసి, "ఏందక్కా ఇది, సముద్రం ఇక్కడికే అచ్చిందా?" అన్నాడు. మా ఆయన ముఖం ఎర్రబడింది. మామ ఒక దుప్పటి తీసి గుడారం తాడు మీద ఆరేస్తూ, "ఇడ్లీలు మడతపెట్టుకోని వచ్చినాంలే. పొద్దున్నే పొయ్యి మీద పరిస్తే సరి" అన్నాడు. అందరూ నవ్వారు. మా ఆయన కూడా నవ్వాల్సి వచ్చింది. అప్పుడే నేను గమనించాను, మా ఆయనకు కోపం వచ్చినప్పుడల్లా మామ ఎక్కడి నుంచో ఒక మాట తెచ్చి మధ్యలో పడేసేవాడు.

కల్బాలో మామ పద్ధతులు చూస్తే నాకు మొదట నవ్వొచ్చేది. దిగగానే చెప్పులు చేత పట్టుకుని తడి ఇసుక దాకా నడిచి, వేలు ముంచి నోట్లో పెట్టుకునేవాడు. "ఉప్పు ఏం తగ్గల్యా" అని వెనక్కి వచ్చేవాడు. అంతకు మించి నీళ్ళలోకి అడుగు పెట్టేవాడు కాదు. "మాది వాన చుక్కకు మొకం వాచిన ఊరు. ఇన్ని నీళ్ళు ఒక్కతూరి చూస్తే భయమైతాది" అనేవాడు. నేను సముద్రం పక్కన పుట్టినదాన్ని. దుబాయ్ సముద్రంలో సూర్యుడు మునుగుతాడు, అది నాకు తిరగేసినట్టుండేది. కల్బాలో మాత్రం మా మైపాడులో లాగా నీళ్ళలోంచి పొద్దు పొడిచేది. ఆ ఒక్కదాని కోసం ఆ ముసలమ్మ దుప్పటిని ఓర్చుకున్నాను.

తర్వాత పిడికెడు ఇసుక ఎగరేసి గాలి ఎటుందో చూసేవాడు. మేకులు కొట్టనిచ్చేవాడు కాదు. "ఇసుకలో మేకు నిలబడదు, ఇసుకను ఇసుకతోనే పట్టుకోవాల" అని, ఏడాదంతా అందరి ఇళ్ళలో దాచిపెట్టించిన బియ్యం సంచులను ఇసుకతో నింపించి, తాళ్ళు కట్టి, మోకాలి లోతు గుంటల్లో పూడ్పించేవాడు. సెలవుల్లో ఆ ఒడ్డు పొడుగునా వందల గుడారాలు, పఠాన్లు, మలబారీలు, ఈజిప్టు మిస్రీలు, స్థానికులు. గాలి లేస్తే జనం తమ గుడారాల వెంట పరిగెత్తేవాళ్ళు. సోనా మసూరి సంచులు పట్టుకున్న మా గుడారాలు మాత్రం ఒక్కసారి కూడా కదల్లేదు.

గుడారాలు లేచాక పిల్లలందరినీ వరసగా నిలబెట్టి, ఎవరి గుడారం గుడ్డ ముక్క వాళ్ళ భుజం మీద కుట్టేవాడు. అరచేతిలో సగం ఉండేది ముక్క. "ఇంత జనంలో బిడ్డ తప్పిపోతే ఏ భాషలో అడుగుతావు? బిడ్డకు ఏ భాష వస్తాది? గుడ్డ చూసి గుడారం చూస్తే ఎవురైనా తెచ్చి దించుతారు" అనేవాడు. తమాషా ఏమిటంటే రెండో ఏడుకు పక్కనున్న పఠాన్లు కూడా తమ పిల్లల్ని తెచ్చి ఈ వరసలో నిలబెట్టారు.

ఇక నా సంగతి చెప్పాలి.

మా ఆయన చెడ్డవాడు కాదు, కానీ ఆ రోజుల్లో కోపం ముక్కు మీద ఉండేది. విడిభాగాల షాపులో పొద్దున్నుంచీ అందరి చేతా మాటలు పడి వచ్చేవాడు. ఇంట్లో చిన్న తప్పు జరిగినా ఒకటే మాట, "ఊరికి పంపించేస్తా." పెళ్ళయ్యాక మూడేళ్ళు ఎదురుచూస్తే దొరికిన వీసా అది. ఊళ్ళో ఆ మూడేళ్ళు అత్తగారింట్లో మొగుడు లేని కోడలిగా ఎట్లా గడిచాయో నాకు తెలుసు. ఒక్క గదైనా సరే, నాకు ఆ గది కావాలి. కల్బాకు బయలుదేరే ముందు వారం, నేను వంటగదిలో ఉండగా పాప తలుపు తీసుకుని మెట్లు దిగిపోయింది. రెండు అంతస్తుల కింద దొరికింది. మా ఆయన ఆ రోజు అరవలేదు, దానికే నాకు ఎక్కువ భయమేసింది. "ఇంకొక్క తూరి నీ చేతిలోంచి పాప తప్పిపోయిందంటే, ఇద్దరికీ టికెట్లు తీసేస్తా. మళ్ళా పిలవను" అన్నాడు. బట్టలు ఆరేస్తున్న మామ వరండాలోంచి అది విన్నాడు.

అది మా మూడో ఈద్. పాపకు ఐదేళ్ళు. మా అక్క నెల్లూరు నుంచి గులాబీ రంగు గౌను పంపింది. సముద్రం ముందు ఆ గౌనులో పాపను ఫోటో తీయించి ఊరికి పంపాలని నా ఆశ. రెండో రోజు పొద్దున గౌను వేసి తీసుకొచ్చేసరికి మామ సూదితో సిద్ధంగా ఉన్నాడు. గులాబీ భుజం మీద ఆవపిండి ముక్క పడింది. నా ముఖం ఎలా మారిందో నాకు తెలియదు కానీ, మామ ఒక్కసారి నన్ను చూశాడు. తర్వాత పాప నెత్తి మీది ఎండ టోపీ తీసుకుని, "దీని ఎలాస్టిక్ వదులైంది, సరిచేసి ఇస్తా" అని పక్కకు పోయాడు.

నేను గుడారం వెనక్కి తీసుకుపోయి, మా ఆయన గడ్డం గీసుకునే బ్లేడుతో ఆ ముక్కను కోసేశాను. దుబాయ్‌లో ఉండీ అతుకుల గౌనా అని ఊళ్ళో అనరూ? ఫోటో అయ్యాక మళ్ళీ కుట్టుకోవచ్చులే అని ముక్కను హ్యాండ్‌బ్యాగులో వేసుకున్నాను. ఫోటో అయింది. మళ్ళీ కుట్టలేదు. మామ సరిచేసి పాప చేతికిచ్చిన టోపీ దాని నెత్తిన పెట్టి, మీ నాన్న దగ్గర ఉండు అని చెప్పి, గిన్నెలు కడగడానికి కుళాయి దగ్గరికి పోయాను. వాళ్ళ నాన్న నా దగ్గర ఉందనుకున్నాడు.

తిరిగి వచ్చేసరికి పాప లేదు. ఒడ్డు నిండా జనం, అటు చూస్తే గుడారాలు, ఇటు చూస్తే నీళ్ళు. మా ఆయన ఒక పక్కకు, జగిత్యాల అన్న ఒక పక్కకు పరిగెత్తారు. నేను నీళ్ళ అంచు వెంట పిలుచుకుంటూ పోయి, గొంతు పోయి, మళ్ళీ గుడారం దగ్గరికే వచ్చి పడ్డాను. మామ పరిగెత్తలేదు. మా గుడారం గుడ్డలో మిగిలిన పొడుగు పట్టీ తీసి, రెండు కర్రలు జోడించి జెండాలాగా కట్టి, నీళ్ళ డ్రమ్ము మీద ఎక్కి పైకెత్తి నిలబడ్డాడు. "బిడ్డ భుజం మీద ఇదే గుడ్డ ఉంది. ఎవురో ఒకరు చూస్తారు" అంది అత్త నా వీపు నిమురుతూ.

ఆ ముక్క నా హ్యాండ్‌బ్యాగులో ఉంది. ఆ క్షణంలో నా ప్రాణం ఎక్కడుందో దేవుడికి తెలుసు. డ్రమ్ము దగ్గరికి పోయి, "మామా, ఆ గుడ్డ..." అన్నాను. ఆయన కిందికి చూడలేదు. "తెలుసులేమ్మా. నువ్వు గుడారం కాడే ఉండు, బిడ్డ వస్తే అమ్మ కనబడాల" అన్నాడు. ఏం తెలుసో నాకు అర్థం కాలేదు. ఎండలో చేతులు పైకెత్తి, అరవై దగ్గర పడిన మనిషి, గంట సేపు అలాగే నిలబడ్డాడు.

పడవల వైపు నుంచి ఒక ముసలి స్థానికుడు వచ్చాడు, లుంగీ కట్టుకున్న చేపలవాడు. పాప ఆయన భుజాల మీద కూర్చుని ఖర్జూరం తింటోంది. ఆయన చేతిలో పాప టోపీ తిరగేసి ఉంది. టోపీ లోపల, అస్తరు మీద, ఆవపిండి రంగు ముక్క. ఆయన ఆ ముక్కనూ మామ ఎత్తిన జెండానూ మార్చి మార్చి చూపించి, "ఖలాస్, ఖలాస్" అంటూ, ఇక భయం లేదన్నట్టు, పాపను నా ఒళ్ళో దించాడు. మామ డ్రమ్ము దిగి, ఇసుకలో కూలబడి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని పిసుక్కున్నాడు.

మా ఆయన రొప్పుకుంటూ వచ్చాడు. పాపను తడిమి చూశాడు. అందరూ చుట్టూ చేరారు. అప్పుడు ఆయన చూపు గౌను భుజం మీద పడింది. "ఇక్కడి గుడ్డ ఏది?" అన్నాడు. నా వైపు చూశాడు. ఆ చూపులో టికెట్లు కనిపించాయి నాకు.

"ఊడిపోయినట్టుంది" అన్నాను.

మామ లేచి వచ్చాడు. దారం కొసలు మిగిలిన పాప గౌను భుజాన్ని రెండు బొటనవేళ్ళ మధ్య పట్టుకుని దగ్గరగా చూశాడు. చాలాసేపు చూశాడనిపించింది నాకు. తర్వాత, "నా కుట్టే నాయనా. పొద్దున తొందరలో ఒక్క వరసే వేసినా. తప్పు నాదే" అన్నాడు.

"ఏంది మామా ఇది! గుడారాలు కుట్టేవాడివి, నీ కుట్టు ఇట్టనా ఉండేది? పాపకేమన్నా అయ్యుంటే?" మా ఆయన అందరి ముందూ అరిచాడు. భయమంతా కోపమై ఆయన మీదే పడింది. మామ తల వంచుకుని విన్నాడు. అందరి కుట్లూ లాగి చూసే మనిషి తన కుట్టు గురించి ఆ మాటలు విన్నాడు. నేను పాపను గట్టిగా పట్టుకుని నిలబడ్డాను. నోరు తెరవలేదు.

సాయంత్రం గుడారంలో పాపకు ఒళ్ళు తుడుస్తుంటే చెవిలో చెప్పింది, "తప్పిపోతే టోపీ ఇప్పి లోపల చూపించమన్నాడు తాత. అమ్మకి చెప్పొద్దన్నాడు." నేను బయటికొచ్చి తక్కిన పిల్లల టోపీలన్నీ తిరగేసి చూశాను. ఒక్కదానిలోనూ లేదు.

ఆ తర్వాత ఇంకో నాలుగేళ్ళు మేం అక్కడే ఉన్నాం. పాప అక్కడే బడికి పోయింది. మా ఆయన కోపం మెల్లగా తగ్గింది, ఆ ఒక్క గదిలోనే మేం ఒక సంసారమయ్యాం. 2008లో షాపు మూతపడి ముగ్గురం కలిసే నెల్లూరు వచ్చేశాం. ఆ నాలుగేళ్ళూ నాకు మామ ఇచ్చినవి. ఏటా కల్బాకు పోతూనే ఉన్నాం, ఏటా ఎవరో ఒకరు "మామా, ఈసారన్నా గట్టిగా కుట్టు, ఊడిపోతాది" అని ఆటపట్టిస్తూనే ఉన్నారు. మామ నవ్వి సూదిలో దారం ఎక్కించుకునేవాడు. నేను ఆ నవ్వు వైపు చూడలేక వంట దగ్గరికి పోయేదాన్ని. నిజం చెప్పాలని ప్రతిసారీ అనుకున్నాను. ఆయనకు తెలుసా, లేక నిజంగానే తన కుట్టు ఊడిందనుకుంటున్నాడా అన్నది కూడా నాకు తెలియదు. తెలియకపోవడమే నన్ను ఎక్కువ తిన్నది.

పోయిన వారం ఫోన్‌లో అత్తతో చెప్పేశాను. "అత్తా, ఆ పొద్దు కుట్టు ఊడలా. నేనే బ్లేడుతో కోశా. మామను అందరూ అన్ని మాటలన్నారు. నేను పలకలా."

అవతల నుంచి అత్త అంది, "కోసిన దారం కొస నున్నగ ఉంటాది, తెగిన దారం పీచుపీచుగ ఉంటాది. నాకే తెలుస్తాది, ఆయనకు తెల్దా తల్లీ? ఆ పొద్దే నాతో చెప్పినాడు."

"మరి నా కుట్టేనని ఎందుకన్నాడు?"

"మీ ఇంటాయన నీ పక్కనే నిలబడినాడు గదమ్మా" అంది అత్త.

ఫోన్ పెట్టేసి హాల్లోకి వచ్చాను. మా ఆయన వార్తలు చూస్తున్నాడు. ఇప్పుడాయనకు జుట్టంతా తెల్లబడింది, కోపం వచ్చినా ఎవరూ లెక్కచెయ్యరు. మామ పోయిన సంగతి చెప్పాను. తర్వాత బ్లేడు సంగతి చెప్పాను, ఇన్నేళ్ళకు. ఆయన టీవీ ఆపేశాడు. నా మీద కోప్పడతాడనుకున్నాను. రిమోట్ పక్కన పెట్టి, "అంతమందిలో ఆయన్ని నిలబెట్టి కడిగేశాను గదే" అన్నాడు. నా ఫోన్ నా చేతికే అందించి, "నంబరు కలుపు" అన్నాడు.

కలిపి ఇచ్చాను. ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని, "అత్తా, నేను..." అన్నాడు. నేను పక్కన కూర్చుని ఆయన చొక్కా భుజం పట్టుకున్నాను. అవతల అత్త మాత్రం, "చెప్పు నాయనా, వింటాండా, చెప్పు" అంటూనే ఉంది.